స్వరపేటిక యొక్క

నాకు భయం వేస్తే ముందు గొంతు సన్నబడుతుంది. అందరికీ అరచేతులకు చెమట పడుతుందంటారు, కాళ్ళు వణుకుతాయంటారు. నాకు మాత్రం మాట పైకెక్కి ముక్కు దగ్గర నిలబడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా సినిమాల్లో వేరే ఆడవాళ్ళ పెదాలకు నా మాట అతికించడమే నా పని కాబట్టి, భయపడిన ఆడపిల్ల గొంతు ఎలా ఉండాలో ఏ దర్శకుడూ నాకు చెప్పక్కర్లేదు. అసలు భయం వచ్చిన రోజున మాత్రం ఆ నేర్పు ఎందుకూ పనికి రాలేదు.

కిందటి ఏడాది ఎండాకాలం చివర్లో ఫిలింనగర్‌లోని ఒక చిన్న స్టూడియో నుంచి పిలుపొచ్చింది. సినిమా కాదు. నర్సింగ్, ఫిజియోథెరపీ చదివే పిల్లల కోసం ఎవరో శరీర నిర్మాణం పాఠాలను తెలుగులో రికార్డు చేయిస్తున్నారు. మొత్తం అరవై పాఠాలు. వివరణంతా తెలుగే, పేర్లు మాత్రం లాటిన్. "ఎంత కష్టమైన డైలాగైనా ఒక్క టేక్‌లో చెప్పేస్తారటగా అండీ" అని ఫోనులో పొగిడారు. పొగిడితే పడిపోయే మనిషినే నేను. పైగా ఈ మధ్య హీరోయిన్లు ఒక్కొక్కరే సొంతంగా డబ్బింగ్ చెప్పుకుంటున్నారు. నాకు ఒకే ఒక్క హీరోయిన్ మిగిలింది. తొమ్మిదేళ్ళుగా తెరమీద ఆమె తెలుగంటే నా గొంతే. ఆమె కొత్త సినిమా డబ్బింగ్ వినాయక చవితి దాటాక ఉంటుందన్నారు. ఈలోగా ఖాళీగా కూర్చోవడం ఎందుకు, ఎముకల పేర్లయినా చదువుదాం అనుకున్నాను.

మా పనిలో ఒక సంగతి చెప్పాలి. ఒక హీరోయిన్‌కు ఒక్క సినిమా మనం చెప్పలేకపోయామంటే, ఆ సినిమాకు చెప్పినావిడ గొంతుకే జనం అలవాటు పడతారు. ఇక మనల్ని పిలవరు. ఈ హీరోయిన్ నా దగ్గరికి వచ్చిందీ అలాగే. అంతకు ముందు ఆమెకు చెప్పే ఆవిడకు టైఫాయిడ్ వచ్చింది. పాపం, పాపం అనుకుంటూనే వెళ్ళి చెప్పేసి వచ్చాను. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడలేదు. అందుకని మాలో ఎవరూ గొంతు బాగాలేదన్న మాట నోట రానివ్వరు. జ్వరమని చెప్తాం, ఊరెళ్ళామని చెప్తాం, డేట్లు కుదరలేదని చెప్తాం. గొంతు అన్నామో, మనం ఆటో దిగేలోపు మా సినిమావాళ్ళుండే కృష్ణానగర్ అంతా తెలిసిపోతుంది.

పాఠాల స్టూడియోలో మొదటి రోజే నా పరువు పోయింది. అద్దానికి అవతల ఇద్దరు కూర్చునేవారు. ఒకడు సౌండ్ ఇంజనీర్, నన్ను అక్కా అని పిలిచే కుర్రాడు. ఇంకొకరు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన. మెడికల్ కాలేజీలో ఎన్నో ఏళ్ళు అనాటమీ చెప్పి రిటైరైన ప్రొఫెసరు. నేను చదివేది తప్పో ఒప్పో చూడడం ఆయన పని. నేను ఆయన్ని మాస్టారూ అనేదాన్ని. మొదటి పాఠం ముఖం కండరాలు. అందులో ఒకదాని పేరు లెవేటర్ లేబియై సుపీరియోరిస్ ఎలీక్వీ నేసై. డబ్బింగులో మాకు పెదవి ఎక్కడ మూసుకుందన్నదే ముఖ్యం, మాట చివర కాస్త మింగేసినా ఎవరూ పట్టించుకోరు. ఆ అలవాటుతో లేబి, నేస్ అంటూ చకచకా దాటించేశాను.

మైకులోంచి ఆయన గొంతు వచ్చింది. "అమ్మా, తోకలు మింగుతున్నరు మీరు. ఆ తోకలల్లనే ఉన్నది అంతా."

"ఏముందండీ అందులో?" అన్నాను. కాస్త విసురుగానే అన్నాను.

"షష్ఠీ విభక్తి సదివిన్రు గదా బడిల? యొక్క. గదే గిది. లేబియం అంటె పెదవి, లేబియై అంటె పెదవి యొక్క. నేసస్ అంటె ముక్కు, నేసై అంటె ముక్కు యొక్క. పై పెదవినీ ముక్కు రెక్కనూ లేపే కండరం. తోక మింగితే ఏది దేనిదో తెలుస్తదా చెప్పుండ్రి?"

"కన్ను కంటి అయినట్టు, ఇల్లు ఇంటి అయినట్టు, గంతేనా సార్?" అన్నాడు ఇంజనీరు.

"గంతే బేటా" అన్నారాయన. నాకంటే ముందు వాడికి అర్థమైనందుకు నాకు ఒళ్ళు మండింది.

ఆ మంట చల్లారాక అద్దంలో చూసుకుంటూ పై పెదవి ఒక పక్కకు లేపాను. లేడీ విలన్లు వెక్కిరించేటప్పుడు చేసే ముఖం. అలాంటి నవ్వులు నేను కొన్ని వందలు నవ్వాను. ఆ నవ్వుకు ఇంత పొడుగు పేరున్న కండరం ఉందని, అది నా ముక్కు పక్కనే ఇన్నేళ్ళుగా పని చేస్తోందని తెలిసి చిన్నపిల్లలా సంబరపడ్డాను. తర్వాత తోకలు మింగడం మానేశాను. ఒక్కొక్క పేరునూ ఇంటి చిరునామాలా చదవడం వచ్చేసింది. ఫలానా వేలి యొక్క, ఫలానా ఎముక యొక్క, ఫలానా తల.

టీ తాగేటప్పుడు మాస్టారు ఇంకా చెప్పేవారు. ఆకాశంలో కూడా ఇదేనట. మన ఆరుద్ర నక్షత్రాన్ని వాళ్ళు ఆల్ఫా ఓరియోనిస్ అంటారట, అంటే ఓరియన్ అనే చుక్కల గుంపు యొక్క మొదటిది అని. ఎవరైనా కొత్త మొక్కను కనిపెట్టి మనిషి పేరు పెడితే, ఆ మనిషి మగవాడైతే ఒక తోక, ఆడదైతే ఇంకో తోక. ఎందుకండీ ఈ చచ్చిపోయిన భాష అని అడిగాను. "మాట్లాడేటోళ్ళు లేరు గనుకనే పనికొస్తది. మాట్లాడేటోళ్ళుంటె రోజుకో తీరుగ మారుస్తరు గదా. గీడ నేను చదివినా, జపాన్‌ల డాక్టర్ చదివినా తోక ఒక్కటే" అన్నారు.

నాకు అదొక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ చూసినా యొక్కలే కనపడేవి. జూబ్లీహిల్స్‌లో ఎవరూ ఉత్తినే ఎవరూ కారు. ఫలానా హీరో గారి మేనేజరు, ఫలానా నిర్మాత గారి డ్రైవరు, ఫలానా వాళ్ళ బంగ్లా పక్క సందు. నన్ను ఎవరికైనా పరిచయం చేసినా ఫలానా హీరోయిన్ గారి గొంతు అనే చెప్తారు. విన్నవాళ్ళు కళ్ళు పెద్దవి చేసి, అవునా, ఏదీ, ఒక్క డైలాగ్ అంటారు. నేను సన్నగా ఒక డైలాగ్ చెప్తాను. అందరం నవ్వుకుంటాం.

ఇరవై అయిదో పాఠం దగ్గర గొంతు బొంగురుపోయింది. మొదట పొద్దున పూట మాత్రమే ఉండేది. అతిమధురం నమిలాను, పటికబెల్లం, మిరియాలు, వేడినీళ్ళు, అన్నీ అయ్యాయి. తర్వాత మధ్యాహ్నానికి కూడా తగ్గలేదు. ఒకరోజు ఇంట్లో తలుపు వేసుకుని హీరోయిన్ గొంతుతో "అమ్మా, నేను వచ్చేశా" అని చూసుకున్నాను. వచ్చేశా అన్న చోట శబ్దమే లేదు. గాలి మాత్రం వచ్చింది. ఆ రోజు అన్నం సయించలేదు.

జూబ్లీహిల్స్‌లో ముక్కు చెవి గొంతు డాక్టర్లకు కొదవ లేదు. వాళ్ళ హాల్లో కూర్చుంటే పక్క కుర్చీలో మా వాళ్ళే ఉంటారన్న భయం. అందుకని ఆటో ఎక్కి టోలిచౌకి వెళ్ళాను. అక్కడ ఒక లేడీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపించి చూసింది. "లెఫ్ట్ సైడ్ స్వరతంత్రి మీద వాపు ఉంది మేడమ్. ముందు వైపు. మూడు వారాలు మాట్లాడొద్దు. తగ్గకపోతే చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపాలి" అంది. టెస్టు దేనికో నేను అడగలేదు, ఆమే చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రిపోర్టు తీసి చదివాను. మాట్లాడేటప్పుడు రైమా గ్లాటిడిస్ పూర్తిగా మూసుకోవడం లేదని ఉంది. ఇదివరకైతే అది నాకు ఇంగ్లీషులో ఏదో ఒక ముక్క, మడిచి సంచిలో పెట్టుకునేదాన్ని. ఇప్పుడు తోక చూడగానే అర్థమైపోయింది. రైమా అంటే చీలిక, నోటి పాఠంలో వచ్చింది. గ్లాటిడిస్ అంటే గ్లాటిస్ యొక్క, స్వరతంత్రులుండే చోటు యొక్క. నా మాట బయటికి వచ్చే సందు. అది సరిగ్గా మూసుకోవడం లేదట. ఈ చదువు చెప్పినందుకు మాస్టారి మీద కోపం వచ్చింది. తెలియకుండా ఉంటే ఆ రాత్రయినా నిద్రపోయేదాన్ని కదా.

ఇంట్లో మా అక్క, నేను, ఇద్దరమే. కృష్ణానగర్‌లో రెండు గదుల ఇల్లు. అక్క డ్యాన్సర్లకు జాకెట్లు కుడుతుంది. అక్కకు సగమే చెప్పాను, గొంతుకు రెస్టు కావాలన్నారని. అదీ గుసగుసగానే చెప్పాను.

తప్పు అక్కడే మొదలైంది. గుసగుస మాట కిందికి రాదని నా గట్టి నమ్మకం. మా పనిలో అరుపులూ ఏడుపులూ ఉన్న సీన్లు ముందు చెప్పేసి, గొంతు అలిసిపోయాక చెప్పడానికి గుసగుసల సీన్లు చివరికి దాచుకుంటాం. గుసగుస అంటే మాకు విశ్రాంతి. కాబట్టి మూడు వారాలూ నేను నిష్ఠగా గుసగుసలాడాను. కూరగాయల బండి అతనితో, పాలవాడితో, అక్కతో. హీరోయిన్ గారి మేనేజర్ ఫోన్ చేస్తే "గుళ్ళో ఉన్నానండీ" అని గుసగుసగా చెప్పి పెట్టేసేదాన్ని. నాలుగోసారి ఆయన, "ఈమధ్య మీకు భక్తి బాగా ఎక్కువైందండీ" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. నాది అతి తెలివి కదా. పాఠాలు ఆపితే ఎందుకని అడుగుతారని స్టూడియోలో ఒక కొత్త ఉపాయం చెప్పాను. పరీక్ష ముందు స్నేహితురాలు చెవిలో చెప్తున్నట్టు, మైకుకు దగ్గరగా, మెల్లగా చదివితే పిల్లలకు బాగా ఎక్కుతుందని. కంపెనీ వాళ్ళు విని మురిసిపోయారు. కొత్తగా ఉందన్నారు. అలా పదిహేడు పాఠాలు గుసగుసగా చదివాను. మాస్టారు తోకలు మాత్రం వదిలేవారు కాదు. నా గొంతు రోజురోజుకీ ఇసుక పోసినట్టు అవుతోంది. దాచుకోవడం కూడా అలవాటైపోయింది. డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ దగ్గరపడుతుంటే క్యాలెండర్ వైపు చూడడం మానేశాను. ముక్క తియ్యడం, టెస్టు, ఆ తర్వాత ఏమిటో. దానికంటే సిగ్గుమాలిన భయం ఇంకోటి ఉండేది. చవితి వచ్చేస్తోంది, ఆ సినిమా ఎవరు చెప్తారు?

నలభై ఏడో పాఠం స్వరపేటిక. ఆ రోజు స్టూడియోకి వెళ్ళేదాకా నాకు తెలియదు. ముందు చూసుకుని ఉంటే జ్వరమని చెప్పి ఉండేదాన్ని. కాగితాలు చేతికిచ్చారు, లైటు వెలిగింది, చదవడం మొదలుపెట్టాను. లారింక్స్, అంటే స్వరపేటిక. ఎడిటస్ లారింజిస్, అంటే స్వరపేటిక యొక్క ప్రవేశద్వారం. వెంట్రిక్యులస్ లారింజిస్, అంటే స్వరపేటిక యొక్క చిన్న గది. తర్వాతది రైమా గ్లాటిడిస్. నా రిపోర్టు ఎవరో పైకి చదువుతున్నట్టు అనిపించింది. అయినా ఆగలేదు. ఎంత గుండె దడ ఉన్నా టేక్ మధ్యలో ఆగకపోవడం మాకు ఒంటబట్టిన విద్య.

"మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు రైమా గ్లాటిడిస్ తెరుచుకుని ఉంటుంది. మాట్లాడేటప్పుడు రెండు తంత్రులూ దగ్గరకు వస్తాయి. గుసగుసలాడేటప్పుడు రైమా గ్లాటిడిస్ యొక్క ముందు భాగం నొక్కుకుని మూసుకుపోతుంది, వెనుక భాగం మాత్రం త్రిభుజం ఆకారంలో తెరుచుకుని..."

ఇదంతా నేను గుసగుసగానే చదివాను. ముందు భాగం అన్న మాట నోట్లోంచి బయటికి వచ్చాక చెవికి తగిలింది. డాక్టర్ చెప్పింది కూడా అదే మాట. వాపు ముందు వైపు ఉంది. మూడు వారాలుగా నేను దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నొక్కుతూనే ఉన్నాను. కాగితాలు వెనక్కీ ముందుకూ తిప్పి ఆ వాక్యం మళ్ళీ చూసుకున్నాను. టేక్ మధ్యలో ఆగిపోయాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి.

"అక్కా, ఏమైంది? కాగితం సప్పుడొస్తుంది జర" అన్నాడు ఇంజనీరు.

నేను అద్దం వైపు చూసి, "మాస్టారూ, ముందు భాగమంటే ఎక్కడ?" అని అడిగాను. అది కూడా గుసగుసే.

ఆయన లేచి, తలుపు తీసుకుని, నేనున్న గదిలోకి వచ్చారు. అన్ని రోజుల్లో ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు. మైకు పక్కకు తిప్పేశారు. "ఎన్ని రోజుల సంది గిట్ల మాట్లాడుతున్నరు తల్లీ?"

మూడు వారాలన్నట్టు మూడు వేళ్ళు చూపించాను. సంచిలోంచి రిపోర్టు తీసి చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు. ముఖంలో రంగు మారింది.

"గుసగుసల తంత్రులు ఊకుంటయా? ముందర ఒత్తుకుంటయి, ఎనక గాలి రాపిడి. మాట కంటె అన్యాయం గది" అన్నారు. రిపోర్టు మడిచి నా చేతికిచ్చి, "పదిహేడు పాఠాలు గాడ కూసోని విన్న నేను. నలభై ఏండ్లు గొంతు కోసి చూపెట్టినోన్ని. తోకలే విన్న గని గొంతు వినలె" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు అంతా విన్నాడు. వాడికి కృష్ణానగర్‌లో తెలియనివాళ్ళు లేరు. ఇక అయిపోయింది అనుకున్నాను.

"అక్కా, ఫికర్ చెయ్యకు. మిషన్ ఖరాబైంది, నెల రోజులు బంద్ అని చెప్త. నువ్వు ఇంటికి పో, నోరు తెరవకు" అన్నాడు.

నిజంగా మౌనం పాటించడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అక్క ఒక పలక కొనుక్కొచ్చింది. దాని మీద నేను మొదట రాసింది ముక్క తియ్యడం సంగతి. అక్క చదివి, తుడిచేసి, పలక నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. ఆ నెల రోజులూ కుట్టు మిషన్ చప్పుడు తప్ప ఇంట్లో శబ్దం లేదు. మేనేజర్ ఫోన్ మోగేది, ఆగేది. తర్వాత మెసేజీలు వచ్చాయి. డేట్ చెప్పండి. ఒకసారి మాట్లాడండి. అర్జెంట్. నేను ఫోనును బియ్యం డబ్బా వెనక పెట్టేదాన్ని, మళ్ళీ నేనే వెళ్ళి తీసి చూసుకునేదాన్ని. చవితి వచ్చింది, వెళ్ళింది. నిమజ్జనానికి వీధంతా అరుస్తుంటే నోటికి పైట అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూశాను.

నెల తర్వాత టోలిచౌకి వెళ్ళాను. మళ్ళీ గొట్టం. డాక్టర్ 'ఈఈ' అనమంది. నాకు ఎలా అనాలో తెలియలేదు. ఏ పాత్రదో, ఎంత వయసో చెప్పకుండా నన్ను శబ్దం చెయ్యమన్నవాళ్ళు ఇదివరకు లేరు. కళ్ళు మూసుకుని అన్నాను. ఏదో బరువైన శబ్దం వచ్చింది.

"చాలావరకు తగ్గింది. ముక్క తీసే అవసరం లేదు ఇప్పుడు" అంది డాక్టర్. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "రోజుకి పది నిమిషాలు మాట్లాడండి. మామూలు గొంతుతో. ఆ సన్నగా పెట్టి మాట్లాడడం మాత్రం బంద్. అది మళ్ళీ వస్తదని నేను ప్రామిస్ చెయ్యలేను."

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. మేనేజర్. ఊళ్ళో ఉన్నాను, డేట్లు కుదరవు అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని చెప్పాలన్నా నాకు ఆ సన్నటి గొంతు కావాలి. అది లేదు.

"నా గొంతు బాగాలేదండీ" అన్నాను.

"ఎవరండీ మాట్లాడేది? మేడమ్ గారు లేరా?"

"నేనేనండీ."

"అయ్యో. సరే అండీ, ఆరోగ్యం చూసుకోండి. తర్వాత చూద్దాం."

మా వాళ్ళ నోట చూద్దాం అంటే అయిపోయిందనే అర్థం. ఆ సినిమా ఎవరో కొత్తమ్మాయి చెప్పింది. బాగా చెప్పిందట. ఆటోలో ఏడ్చాను, ఏడిస్తే గొంతుకు మంచిది కాదని గుర్తొచ్చి మానుకున్నాను, మళ్ళీ ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి అక్క మిషన్ ముందు కూర్చుని ఏదో పట్టుజాకెట్ కుడుతోంది. వీపు నా వైపు ఉంది.

"ముక్క తియ్యక్కర్లేదంట అక్కా" అన్నాను.

మిషన్ ఆగింది. అక్క వెనక్కి తిరగలేదు. "మళ్ళీ అను" అంది.

వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. అక్క అలాగే కూర్చుని ఉంది. జాకెట్ మీద పెట్టిన చేతులు కదలడం లేదు.

"ఇది అమ్మ గొంతు" అంది.

అమ్మ పోయి పదకొండేళ్ళు. పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి నేను ఇంట్లో కూడా సన్నగానే మాట్లాడుతున్నాను. సన్నబరచకపోతే నా గొంతు ఎలా ఉంటుందో అక్కకే కాదు, నాకూ తెలియదు. నాకు ముందు ఉక్రోషం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరెవరివో మోశాను, చివరికి మిగిలినదైనా నాది అనుకుంటే ఇదీ నాది కాదా అని. ఏదో అనబోయాను. అప్పుడు అక్క వెనక్కి తిరిగింది. యాభై నాలుగేళ్ళ మనిషి, జుట్టు నెరిసిన మనిషి, బడి నుంచి ఇంటికొచ్చి అమ్మ కోసం చూస్తున్న పిల్లలా ఉంది ముఖం.

"ఒక్కసారి పిలువవే నన్ను. అమ్మ పిలిచినట్టు" అంది.

డాక్టర్ ఇచ్చిన పది నిమిషాల్లో కొంత అప్పటికే ఖర్చయింది. మిగిలినదంతా కూడదీసుకుని, "పెద్దమ్మాయ్" అని పిలిచాను.

"ఆఁ, వస్తున్నానమ్మా" అంది అక్క.